క్రోయ్‌డన్ టైఫాయిడ్: రోగుల లెక్క అందింది, బావి కబురు అందలేదు

1937 చివరి నెలల్లో లండన్‌కు దక్షిణాన ఉన్న క్రోయ్‌డన్ పట్టణంలో 341 మందికి టైఫాయిడ్ సోకింది. వారిలో 43 మంది చనిపోయారు. ఇది వెనుకబడిన ఊరి కథ కాదు. నీటి సరఫరా, ఆరోగ్యశాఖ రెండూ ఒకే పురపాలక సంఘం చేతిలో ఉన్న, అప్పటి ప్రమాణాల్లో చక్కగా నడుస్తున్న పట్టణం అది. నన్ను కలవరపెట్టేది అదే.

రోగాన్ని వెతికి పట్టుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో అప్పటికే పాతది. కొన్ని అంటువ్యాధులు కనిపిస్తే వైద్యుడు ఆరోగ్యాధికారికి తెలియజేయాలనే చట్టం 1889లో వచ్చింది. పదేళ్లకు అది దేశమంతటా తప్పనిసరైంది. చీటీ రాగానే ఆరా మొదలయ్యేది: పాలు ఎవరు పోస్తున్నారు, బయట ఏం తిన్నారు, ఈ మధ్య ఏ ఊరు వెళ్లారు? క్రోయ్‌డన్‌లో ఈ ప్రశ్నలకు పొంతన కుదరలేదు. ఇళ్లు వేరు, పాలవాళ్లు వేరు. చివరికి ఉమ్మడిగా మిగిలింది కుళాయి నీళ్లే. రోగుల్లో అత్యధికులు అడింగ్టన్ బావి నీరు అందే ప్రాంతంవారు. నవంబరు మొదట్లో ఆ బావి నుంచి సరఫరా ఆపేశారు. అయితే టైఫాయిడ్ బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. బావి మూసిన తర్వాత కూడా, అంతకుముందే ఆ నీళ్లు తాగినవారు జ్వరంతో మంచం పడుతూనే ఉన్నారు.

బావిలో జరిగింది ఇది. సెప్టెంబరు చివర్లో మరమ్మతులు మొదలయ్యాయి. మనుషులు లోపలికి దిగి పనిచేస్తున్నారు. ఆ రోజుల్లోనే వడపోత, క్లోరినేషన్ ఆగిపోయాయి. నీరు మాత్రం ఇళ్లకు వెళుతూనే ఉంది. పనివాళ్లలో ఒకరు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో టైఫాయిడ్ వచ్చి తగ్గినవారు. పైకి ఆరోగ్యంగానే ఉన్నా ఆయన శరీరంలో ఆ క్రిమి మిగిలే ఉంది.

ఈ మూడూ ఒకేసారి కలవడం దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. నేను ఒప్పుకోను. బావిలో పని జరుగుతోందన్న సంగతే ఆరోగ్యాధికారికి తెలియదు. ప్రభుత్వం జరిపించిన బహిరంగ విచారణ కూడా అధికారుల మధ్య సమాచారం సాగకపోవడాన్ని తప్పుపట్టింది. నగరంలోని ప్రతి వైద్యుడి నుంచీ చీటీ రావాలని చట్టం ఉంది కానీ, అదే పురపాలక సంఘంలోని ఇంజనీరింగ్ విభాగం నుంచి ఒక్క కబురు రావాలన్న కట్టుబాటు లేకపోయింది. రోగం వచ్చాక లెక్క రాయడానికి ఇంత పకడ్బందీ ఏర్పాటు చేసుకుని, రోగం రాగల దారి తెరుచుకున్నప్పుడు చెప్పే ఏర్పాటు చేసుకోకపోవడం క్షమించరానిది. ఆ ఒక్క కబురు అంది ఉంటే క్లోరిన్ ఆగి ఉండేది కాదనీ, కనీసం ఆ నీరు ఇళ్లకు చేరేది కాదనీ నా నమ్మకం.

నింద ఆ పనివాడి మీద వేయడం సులువు, అన్యాయం కూడా. బావిలోకి దించేముందు ఆయనను పరీక్షించాల్సింది యాజమాన్యం. టైఫాయిడ్ సోకిన ఒక బాలిక, ఆమె తండ్రి వేసిన దావాలో 1938లో కోర్టు కూడా పురపాలక సంఘాన్నే బాధ్యురాలిగా తేల్చి పరిహారం ఇప్పించింది. తాగునీటికి క్లోరిన్ కలపడం, నీటి పనుల్లోకి తీసుకునేవారికి ముందుగా టైఫాయిడ్ పరీక్ష చేయడం బ్రిటన్‌లో ఆ తర్వాతి సంవత్సరాల్లోనే గట్టిగా స్థిరపడ్డాయి.