కారు అద్దం మీద పడిన ఉప్పాడ అల

మొన్న మే నెలలో పిల్లల్ని తీసుకుని ఉప్పాడ వెళ్లాం. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద వస్తుంటే ఒకచోట అల రాళ్లగుట్టను కొట్టి, పైకి లేచి కారు అద్దం మీద పడింది. పిల్లలు ఒకటే కేరింతలు. డ్రైవరు వైపర్లు వేసి "ఇంకోసారి తడుద్దామా సార్?" అంటూ బండి వెనక్కి తిప్పాడు. మా వెనక మరో నాలుగు కార్లదీ అదే పని. అక్కడికి వంద గజాల్లో ఒక ఇల్లు. సముద్రం వైపు గోడ లేదు. లోపలి గోడకు పటం తీసేసిన చోట పసుపు కుంకుమ మరకలు, పక్కన మేకుకు పాత క్యాలెండరు. ఆ గోడను తీసుకుపోయిందీ మమ్మల్ని తడిపిన అలలే.

ఊరు కరిగిపోవడం ఇవాళ్టిది కాదు. గోదావరి సముద్రంలో కలిపే ఇసుక తీరం వెంట ఉత్తరానికి కొట్టుకొస్తూ చాలావరకు హోప్ ఐలాండ్ దగ్గరే పోగవుతుంది. ఆ దిబ్బ చాటున కాకినాడ రేవు క్షేమం. చాటు దాటి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఇసుక అందదు, అలల దెబ్బ మాత్రం అందుతుంది. కోత ఆపడానికి జియోట్యూబ్ (ఇసుక నింపిన పొడవాటి గుడ్డ గొట్టం) వేశారు, అది కొన్నేళ్లకే చిరిగి చెదిరిపోయింది. బండరాళ్లు పోశారు, ఇంకా పోస్తూనే ఉన్నారు. తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగడం, మళ్లీ వేయడం మామూలైపోయింది.

పర్యాటకుడికి ఇసుకంటే ఖాళీ జాగా. కారు దింపుకోవచ్చు, క్రికెట్ ఆడుకోవచ్చు, సీసాలు పారేసి పోవచ్చు. రైతుకు కళ్లం ఎలాంటిదో మత్స్యకారుడికి ఇసుక అలాంటిది. పడవ లాగిపెట్టుకునేదీ, వల ఆరేసుకునేదీ, చేప ఎండబెట్టుకునేదీ దాని మీదే. వడ్లు ఆరబోసిన కళ్లంలోకి కారు తోలే మనిషి ఉండడు. మేం వెళ్లిన రోజు వలలు రోడ్డు వారన పరిచి ఉన్నాయి. ఒకాయన వాటి పక్కనే కూర్చుని తెగిన కన్నులు అల్లుకుంటూ, కారు దగ్గరికి వచ్చినప్పుడల్లా చేత్తో అంచు లోపలికి లాక్కుంటున్నాడు. మాకు అడ్డం వచ్చినందుకు ఆయన మొహమాటపడుతున్నాడు!

చట్టం కూడా మెల్లగా పర్యాటకుడి కళ్లతోనే చూడటం మొదలుపెట్టినట్టుంది. తీరం వెంట ఏం కట్టొచ్చో, ఏం కూడదో చెప్పే 2019 సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలి) నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న తీర గ్రామాల్లో నిర్మాణాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. మత్స్యకారులకూ ఇళ్లు కట్టుకునే వీలు దొరుకుతుందన్న వాదనలో కొంత నిజముంది. కానీ ఆ 150 మీటర్లలో రిసార్టు కట్టే స్తోమత ఎవరికుంది? హోమ్‌స్టేలు పెట్టుకోమంటారు. ఉప్పాడలో ముందు గోడ నిలబడాలి, గది అద్దెకివ్వడం ఆ తర్వాతి మాట.

ఇంటికొచ్చాక మా ఖర్చు లెక్క చూశాను. ఉప్పాడలో నేసే జాందానీ చీర రూ.9,000. కాకినాడ హోటల్ గది రూ.2,500. కాజాలు రూ.400. తీరం వాడలో రెండు ప్లేట్ల చేపల వేపుడు, కాసిని ఎండు నెత్తళ్లు కలిపి రూ.440. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన జాందానీ డబ్బు నేతగాళ్ల ఇళ్లకు కొంతైనా చేరుతుంది, సరే. మరి మేం చూసొచ్చామని చెప్పుకునే సముద్రం మీద బతికేవాళ్లకు దక్కింది ఆ రూ.440 మాత్రమే.

ఆ వేపుడు కూడా ఐసులో పెట్టిన చేపే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మర పడవలు, మోటారు బిగించిన పడవలు కదలకూడదు. నిషేధంతో నాకు పేచీ లేదు. ఆ రెండు నెలలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో రూ.10,000 నుంచి రూ.20,000 అయింది. రోజుకు రూ.328 పడుతుంది, ఇంటిల్లిపాదికీ. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు వేసవి సెలవులు. ఊరు ఊరంతా పని లేక కూర్చున్నప్పుడు మత్స్యకార జీవితం చూస్తామని బయల్దేరుతాం. ఒడ్డున వరసగా ఆగి ఉన్న పడవల ముందు ఫొటోలు దిగి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటాం.

సంక్రాంతి సెలవుల్లో వెళ్తే వేరే ఊరు కనిపిస్తుంది. పొద్దున్నే పడవలొచ్చే వేళకు ఒడ్డున ఉంటే వేలం పాట వినొచ్చు. చందువాలు, కానాగంతలు, వంజరాలు ఎవరి గంపలోకి ఎంతకు పోతున్నాయో చూడొచ్చు. చేపను చూసి ధర కట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడే నాలుగు చేపలు కొని, అక్కడే కోయించుకుని వండించుకుంటే డబ్బు నేరుగా వాళ్ల చేతిలో పడుతుంది. పర్యాటక శాఖ కొత్త సెల్ఫీ పాయింట్ల బదులు ఆ వేలం పాట దగ్గర నీడ, నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు కడితే వచ్చేవాళ్లకూ పనికొస్తాయి, ఉన్నవాళ్లకూ పనికొస్తాయి.

ఆ రోజు నెత్తళ్లు కట్టి ఇస్తూ, అవి అమ్మినావిడ అంది: "ఇప్పుడేం ఉంటాయి బాబూ. జూన్ 15కి వేట తెరుత్తారు, అప్పుడు రండి పిల్లల్ని తీసుకుని. పచ్చి చేప తిందురుగాని."

మా పిల్లల బడి 12కే తెరుస్తారు.