అటక మీది అట్టపెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టపెట్టె గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నా ఎడమచేతి బొటనవేలు తప్ప మేమందరం క్షేమం. తమరు కూడా అటక మీద, కడుపులో నాలుగు చెప్పుల పెట్టెలు పెట్టుకుని క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. అక్కడున్నది తమలో సగమేనని నాకు తెలుసు. ఆ రెండో సగం ఏమైందో తమకు తెలియాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

ఇక ఈ తమరు, గారు నావల్ల కాదు. నాలుగు రాత్రులు నీతో నేల మీద కుస్తీ పట్టినదాన్ని. నువ్వు అనే అంటాను.

వాషింగ్ మెషిన్‌ని కడుపులో పెట్టుకుని మా ఇంటికొచ్చావు. మెషిన్ దించి, పైపు బిగించినవాళ్లు వెళ్లిపోయాక నిన్ను బయట పారేయాల్సింది. గుమ్మం దాకా ఈడ్చాను కూడా. అప్పుడు ఇంట్లో ముగ్గురి నోటా ఒకేసారి ఒకే మాట వచ్చింది: "ఉండనీ, దేనికైనా పనికొస్తుంది." ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు. మా ఇంట్లో పనికొచ్చే వస్తువు పెట్టుకోవడానికి చోటుండదు. పనికొస్తుందేమో అనిపించే వస్తువుకి మాత్రం అటకంతా చోటే. రిబ్బన్ ముక్కలు, పాత చొక్కాల గుండీలు, మూత లేని సీసా, సీసా లేని మూత. వీటన్నిటి మీదా నువ్వు ఇంటికి పెద్దకోడలిలా వెళ్లి కూర్చున్నావు.

కోపం కాస్త తగ్గుతుందేమోనని నీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదివాక రెట్టింపైంది. నీ రెండు అట్టల మధ్య అలలు అలలుగా మడతలు పెట్టిన కాగితం ఉంటుందే, నీ బలమంతా అందులోనే ఉంది కదా, 1856లో ఇంగ్లండులో దానికి పేటెంటు ఇచ్చింది పెట్టెల కోసం కాదట. పొడుగాటి టోపీలకు లోపల అస్తరుగా వేయడానికట. అంటే నీ మొదటి ఉద్యోగమే టోపీ పెట్టడం. అమెరికాలో సీసాలకు, గాజు సామానుకు చుట్టడానికి నిన్ను పనిలో పెట్టుకున్నది 1871లో. పదిహేనేళ్ల అనుభవం అంత తేలిగ్గా ఎక్కడికి పోతుంది?

పైగా అక్కడి జాతీయ బొమ్మల హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2005లో నీకు చోటిచ్చారు. పిల్లల ఆటకు నిన్ను మించింది లేదని. మరీ ఎగిరిపడకు, మూడేళ్లు తిరిగేసరికి కర్రపుల్లకు కూడా ఇచ్చారు.

అసలు సంగతికొస్తాను. మా అమ్మాయి బడి నుంచి వేషాల పోటీ అని కాగితం వచ్చింది. వేషం ఇంట్లో, చేత్తో తయారుచేయాలి. కొన్నది తేకూడదు. పెద్దలు సాయం చేయకూడదు. ఏడేళ్ల పిల్లల చేతికి పదునైన వస్తువులు ఇవ్వవద్దని అదే బడి నుంచి అంతకుముందే ఇంకో కాగితం వచ్చింది. రెంటినీ ఫ్రిజ్ తలుపుకి పక్కపక్కనే అంటించాను. పాలు తీసిన ప్రతిసారీ రెండూ చదివేదాన్ని.

"నేను తాబేలు" అంది అమ్మాయి.

బేరం ఆడాను. రోబో అవుతావా? రెండు పెట్టెలు, ఒక చుట్ట వెండిరంగు కాగితం, గంటలో తేలిపోతుంది. పోనీ, ఇల్లు? టీవీ? కనీసం పోస్ట్ డబ్బా? నలుచదరంగా ఉండేది ఏదైనా ఫరవాలేదు తల్లీ అన్నాను. తాబేలే అంది. పుస్తకం తెచ్చి చూపించింది. తాబేలు డిప్ప మీద 13 పెద్ద పలకలుంటాయట. వెన్ను వెంబడి వరసగా 5, అటు 4, ఇటు 4. "గుర్తుంచుకో అమ్మా, పదమూడు." ఇది కూడా గుర్తుంచుకో.

నీ అసలు గుణం నాకు అప్పుడు తెలిసింది. నువ్వు ఒక పక్కకే వంగుతావు. లోపలి అలల గీతల వెంబడి చుడితే చాపలా చుట్టుకుంటావు. అడ్డంగా వంచబోతే టపుక్కున విరిగి, ముఖాన ముడత వేసుకుని కూర్చుంటావు. డిప్పేమో బోర్లించిన గిన్నెలా అన్ని పక్కలా ఒకేసారి వంగాలి. మామూలు కాగితాన్ని బంతికి చుట్టబోయినా అంచుల్లో ముడతలు పడకుండా ఎవరివల్లా కాదు. నువ్వూ కాగితానివే, కాకపోతే పొగరెక్కిన కాగితానివి.

దీనికి మందు టైలర్ల దగ్గర ఉంది. గుడ్డలో డాట్లు పెడతారు చూశావా, అదే. అంచు నుంచి మధ్య దాకా త్రికోణపు ముక్క కోసి తీసేసి, ఆ రెండు అంచుల్నీ దగ్గరికి లాగి అతికిస్తే మధ్యభాగం ఉబ్బుతుంది. చుట్టూ ఎనిమిది డాట్లు పెట్టాను. త్రికోణాలు కాస్త వెడల్పయినట్టున్నాయి, డిప్ప కాస్తా గరాటు అయింది. మా ఆయన వచ్చి చూసి, "మంత్రగాడి టోపీ భలే కుదిరింది" అన్నారు. చూశావా, మళ్లీ టోపీయే.

బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ అని ఒకాయన ఉండేవాడు, కాగితపు సంచుల వ్యాపారం. 1870ల్లో ఒకరోజు ఆయన అచ్చుయంత్రంలో మడత గీతలు వేసే ఇనప పట్టీ ఒకటి పక్కకి జరిగి, మడత పడాల్సిన సంచులు తెగిపోయాయట. కోయడం, మడత గీత వేయడం ఒకే దెబ్బకు చేయొచ్చని ఆయనకు అందులోంచే తట్టిందట. మడిచి పెట్టుకునే అట్టపెట్టెల వ్యాపారం అక్కడ అందుకుంది. తప్పు కోయడమంటే అదీ. నేనూ తప్పే కోశాను. నాకు గరాటు వచ్చింది.

రెండోసారి త్రికోణాలు సన్నగా కోశాను. కోయడానికి ముందు లోపలి వైపు గుండ్రటి కర్రతో గట్టిగా నలిపి నీ పొగరు కొంత దించాను. ఈసారి ఉబ్బావు. ఆ ఉబ్బిన డిప్పని ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఈ ఉత్తరంలో నీ గురించి రాసే మంచిమాట ఇదొక్కటే.

మొద్దు బ్లేడుకి నువ్వు తెగవు, ఎవరో నమిలి ఉమ్మినట్టు అవుతావు. కొత్త బ్లేడు వేసి, స్కేలు ఆనించి, బలం పెట్టకుండా ఒకే గీత మీద మూడుసార్లు లాగితే శుభ్రంగా తెగుతావు. ఇది నాకు తెలిసేలోపు డైనింగ్ టేబుల్‌కి కూడా తెలిసింది. ఆ గీత మీద ఇప్పుడు పూలకుండీ పెట్టాం. ఎవరైనా జరపబోతే ముగ్గురం ఒకేసారి వద్దంటాం.

ఇక నీ స్నేహితుడు గ్లూ గన్. వాడి సంగతి వేరే ఉత్తరం రాయాలి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. వేడెక్కువ రకం గన్‌లో జిగురు కరిగేది 190 దాకా. వేడినీళ్లు పడితే జారిపోతాయి, జిగురు అలా కాదు, పడ్డచోటే కాపురం పెట్టి కాలుస్తుంది. బొటనవేలు పట్టుకుని కొళాయి కిందికి పరిగెత్తాను. కాలిన చోట చల్లటి నీళ్ల ధార 20 నిమిషాలు పడాలి, ఐసు పెట్టకూడదు. ఆ నాలుగు రోజుల్లో నేను ఖాళీగా నిలబడ్డది ఆ 20 నిమిషాలే. కిటికీలోంచి బయటికి కూడా చూశాను. 120 డిగ్రీల దగ్గర పనిచేసే రకం కూడా ఉందని వేలు మానుతుండగా తెలిసింది. వీడియోలో ఆవిడ మాత్రం నవ్వుతూనే పదినిమిషాల్లో మొత్తం అతికించేసింది. ఆవిడ చేతులు మారినట్టు నాకు అనుమానం. మొదట్లో గోళ్లకు రంగుంది, చివర్లో లేదు.

నీ ఒంటి మీద గొడుగు బొమ్మ ఒకటి ఉంటుంది. తడపొద్దని దాని అర్థం. నేను ఆకుపచ్చ రంగు నీళ్లలో కలిపి పట్టించాను. తడిసిన వైపు ఉబ్బి విల్లులా వంకర తిరిగావు. దానికి విరుగుడు వెనకవైపు కూడా పూయడం, అప్పుడు రెండుపక్కలా సమానంగా లాగి మళ్లీ దారికొస్తావు. మరీ తడిపానేమో, ఒక మూల పొరలు విడిపోయాయి. నీ పొరల్ని కలిపి పట్టేది పిండితో చేసిన జిగురట. బొద్దింకలకు అదంటే ప్రాణమట. అటక మీద నీకు ఒంటరితనం ఎందుకు లేదో అర్థమైంది. మూడు పూతలు వేసినా "ఈ వైపు పైకి" అన్న బాణం మాత్రం పోలేదు. ఆకుపచ్చ కింద నుంచి బూడిదరంగులో తొంగిచూస్తూనే ఉంది.

ఊరికే వచ్చావు కదా అని మురిశాను. నీ కోసం రంగులు, రెండు సైజుల బ్రష్షులు, భుజాల పట్టీలకు ఎలాస్టిక్, జిగురు కడ్డీలు, కొత్త బ్లేడ్లు తెప్పించాల్సి వచ్చింది. అవన్నీ ఎందులో వచ్చాయనుకున్నావు? మూడు అట్టపెట్టెల్లో. ముగ్గురూ ఇప్పుడు నీ పక్కనే ఉన్నారు, పరిచయం చేసుకో.

పోటీ రోజు డిప్పని మా ఆయన మోసుకొచ్చారు. గేటు దగ్గర ఎవరో "భలే చేశారండీ" అన్నారు. "ఏదో, ఖాళీ దొరికినప్పుడు..." అని ఈయన సిగ్గుపడ్డారు. నేను కట్టు కట్టిన వేలితో పక్కనే ఉన్నాను. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. దానికి భవిష్యత్తు మనుషుల వేషాల్లో ఇద్దరు వచ్చారు, ఫారెస్ట్ ఆకెర్‌మన్, మిర్టిల్ డగ్లస్. కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రల్లా వేషాలు కట్టే సరదా, దాని చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువమంది ఆకెర్‌మన్ పేరుతో మొదలుపెడతారు. ఆయన వేషం, తన వేషం రెండూ తయారుచేసింది మిర్టిల్. ఆవిడ వేలికి కూడా కట్టు ఉండే ఉంటుందని నా నమ్మకం.

పట్టీలు బిగించాక రెండు విషయాలు బయటపడ్డాయి. డిప్పతో పిల్ల కూర్చోలేదు. డిప్పతో బాత్రూమ్ తలుపులోంచి పట్టదు. రెండోది అర్జంటు అయింది. "తీసేస్తా, రెండు నిమిషాలు" అన్నాను. ఒప్పుకోలేదు. తాబేలు డిప్పలోంచి బయటికి రాదట, వెన్నెముక, పక్కటెముకలు డిప్పతో కలిసిపోయి ఉంటాయట, తీస్తే అది తాబేలే కాదట. సైన్సు ప్రకారం దాని మాటే నిజం. పక్కకి తిప్పి, వంచి, వెనక్కి నడిపించి ఎలాగో దూర్చాను. నీ అలల గీతలు ఎటుపక్క వంగుతాయో తెలిసి ఉండటం ఆ ఒక్కసారి పనికొచ్చింది.

బహుమతి డైనోసార్‌కి వచ్చింది. వీపున జిప్పు, మెడ దగ్గర సైజు పట్టీ. సొంతంగానే చేశావా అని అడిగితే ఆ పిల్లవాడు "జిప్పు నేనే పెట్టుకున్నా" అన్నాడు. మేం చెప్పలేని నిజం వాడు చెప్పాడు, అందుకని నాకు వాడి మీద కోపం లేదు.

ఇంటికొచ్చాక డిప్పని నేలమీద బోర్లించి అమ్మాయి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"అమ్మా, పన్నెండే ఉన్నాయి."

నేనూ లెక్కపెట్టాను. అటు 4, ఇటు 4. వెన్ను వెంబడి 4. ఐదో పలక ఉండాల్సిన చోట బాణం ఉంది.

అందుచేత చెప్పొచ్చేదేమంటే, రేపు పొద్దున్న స్టూలు వేసుకుని పైకి వస్తున్నాను. జానెడు ముక్క చాలు. నీ కడుపులో చెప్పుల పెట్టెలు నేనే తీసి పక్కన పెడతాను. నువ్వు కాస్త అంచుకి జరిగి ఉండు. బ్లేడు కొత్తదే.

ఇట్లు,
12 పలకల తాబేలు తల్లి