పావు దానంతటదే కదలాలి, కానీ ఫోన్‌ని అడిగి కాదు

పావులు వాటంతటవే కదిలే చెస్ బోర్డు వీడియో ఎవరైనా పెడితే చాలు, కింద ఒకటే మాట: "ఇదేం చెస్? పావు జరపడానికి కూడా బద్ధకమా?" ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చేతులు వణికేవాళ్లున్నారు. చేతులే లేనివాళ్లున్నారు. చూపు లేనివాళ్లున్నారు. కొడుకు డాలస్‌లో, తండ్రి విజయవాడలో ఉన్న ఇళ్లు మన వీధికి నాలుగున్నాయి. వీళ్లకి ఆ బోర్డు షోకేసులో పెట్టుకునే వస్తువు కాదు. ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టు ఆడుకునే వీలు. నా కోపం ఆ బోర్డు మీద కాదు, దాన్ని అమ్మే పద్ధతి మీద. అంత మంచి యంత్రం చేసి, దాని బుర్ర తీసుకెళ్లి ఫోన్ యాప్‌లో పెట్టారు.

ముందు ఆ యంత్రం ఎంత కష్టపడుతుందో చెప్పాలి, ఎందుకంటే వెక్కిరించేవాళ్లకి అది తెలియదు. బోర్డు అడుగున అయస్కాంతం ఉన్న చిన్న బండి ఒకటి ఉంటుంది. మోటార్లు దాన్ని నిలువుగా, అడ్డంగా ఎక్కడికైనా తీసుకెళ్తాయి. అది కావలసిన పావు కిందికొచ్చి ఆగుతుంది, చిన్నగా టక్‌మని చప్పుడవుతుంది, పావు పట్టుబడుతుంది. ఇక బండి ఎటుపోతే పావు అటు. చెప్పడానికి ఇంతే. కానీ ఆట మొదట్లోనే గుర్రాన్ని మొదటి వరసలోని జీ1 గడి నుంచి మూడో వరసలోని ఎఫ్3 గడికి వేయండి. మనమైతే ఎత్తి బంట్ల మీంచి దాటించి పెడతాం. బోర్డు ఎత్తలేదు, లాక్కెళ్లాలి. ఎఫ్2, జీ2 బంట్ల మధ్య సందులోంచి ఆ గుర్రాన్ని బయటికి తేవాలి.

ఆ సందు ఎంతో లెక్క వేయండి. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ప్రమాణాల ప్రకారం టోర్నమెంట్ బోర్డులో గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు, బంటు అడుగు వెడల్పు గడిలో సగానికి మించకూడదు. గడి 5.5, బంటు అడుగు అందులో సరిగ్గా సగం అనుకుంటే 2.75. పక్కపక్క గడుల్లో నిలబడ్డ రెండు బంట్ల మధ్య మిగిలే ఖాళీ కూడా సరిగ్గా 2.75. గుర్రం ఎత్తు సుమారు 6 సెంటీమీటర్లు, అడుగు అందులో 40 నుంచి 50 శాతం, అంటే 2.4 నుంచి 3. సన్నపాటి గుర్రమైతే గీసుకుంటూ బయటపడుతుంది, లావుపాటిదైతే బంటును పక్కకు తోసేస్తుంది. ఇక రాజు ఎత్తు 9.5, అడుగు ఎంత తగ్గించినా 3.8. క్యాస్లింగ్‌లో, అంటే రాజు, ఏనుగు రెండూ ఒకే ఎత్తులో జరిగేటప్పుడు, రాజు రెండు గడులు జరిగాక ఏనుగు ఆయన చుట్టూ తిరిగి అవతలి పక్కకి రావాలి. మామూలు టోర్నమెంట్ పావులతో అయ్యే పని కాదు. అందుకే ఈ బోర్డుల పావులు పీలగా, గడికి సరిపోనట్టు కనిపిస్తాయి. "ఇంత డబ్బు పోస్తే పావులు ఇలా ఉన్నాయేంటి" అని తిట్టేవాళ్లు ఒకసారి స్కేలు పెట్టి చూడాలి. అది పిసినారితనం కాదు, దారి కోసం వదిలిన చోటు.

పావును చంపాలంటే ముందు చచ్చిన పావును అంచుకి ఈడ్చి, తర్వాత చంపే పావును అక్కడికి తేవాలి. అందుకే ఆట నెమ్మది. నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆట ఆడేవాళ్లకి ఇది పనికిరాదు, నిజమే. కానీ సాయంత్రం కాఫీ పెట్టుకుని ఆడేవాళ్లకి ఆ నెమ్మదితో ఇబ్బంది ఏముంది? పైగా చేయి చాపే రోబో కంటే ఇది క్షేమం. 2022 జులైలో మాస్కోలో ఒక టోర్నమెంట్‌లో రోబో చేయి ఏడేళ్ల పిల్లాడి వేలు పట్టుకుని విరిచేసింది. అడుగునుంచి లాగే అయస్కాంతంతో ఆ గొడవ లేదు.

ఇదంతా నిన్నమొన్న పుట్టిన విద్య అనుకునేవాళ్లకి ఇంకో మాట. స్పెయిన్ ఇంజనీరు లియోనార్డో టోరెస్ కెవెడో 1912లోనే ఒక యంత్రం కట్టాడు. తన రాజు, ఒక ఏనుగుతో ఎదుటివాడి ఒంటరి రాజుని తరిమి ఆట కట్టించేది. కంప్యూటర్ అన్నదే లేని రోజుల్లో, వైర్లతో, రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లతో. దాని తర్వాత ఆయన కొడుకుతో కలిసి చేసిన రెండో యంత్రంలో పావులు బోర్డు కింది అయస్కాంతాలతోనే కదిలేవి. 1983లో అమెరికా బొమ్మల కంపెనీ మిల్టన్ బ్రాడ్లీ 'గ్రాండ్‌మాస్టర్' అనే బోర్డు తెచ్చింది. అదీ అడుగునుంచి అయస్కాంతంతో పావులు నడిపే బోర్డే. కరెంటు ప్లగ్గు పెడితే ఆడేది. ఇంకేమీ అక్కర్లేదు. పాతవి సేకరించేవాళ్ల దగ్గర ఆ బోర్డులు ఇవాళ కూడా ఆడుతున్నాయి. ఎందుకంటే దాని బుర్ర దాని పొట్టలోనే ఉంది. కంపెనీ చేతులు మారినా దానికి పట్టలేదు.

ఇప్పుడు నేటి సంగతి. మా పెదనాన్నకి పార్కిన్సన్స్. ఒక బంటు జరపబోతే పక్కన రెండు పడతాయి. ఆయన చెస్ మానేసింది ఆట మీద ఇష్టం పోయి కాదు, పడిన పావులు పక్కవాళ్లు ఏరి పెడుతుంటే సిగ్గేసి. అన్నయ్య అమెరికా నుంచి ఒక ఆటోమేటిక్ బోర్డు తెచ్చిచ్చాడు. పెదనాన్న తన ఎత్తు, అంటే ఏ పావు ఎక్కడికో, నోటితో చెప్పేవాడు, పెద్దమ్మ ఫోన్‌లో నొక్కేది, బోర్డు మీద పావు కదిలేది. అక్కడ అన్నయ్య వేసిన ఎత్తు కూడా ఇక్కడ అలాగే కదిలేది. ఏనుగు మెల్లగా జారుకుంటూ వస్తుంటే ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "వీడు నా గుర్రం మీదికే వస్తున్నాడు చూడు" అనేవాడు. ఆ గొంతులో మాస్టారితనం మళ్లీ వినపడింది నాకు.

తర్వాత పెద్దమ్మ పాత ఫోన్ పోయి కొత్తది కొన్నారు. కొత్త ఫోన్‌లో ఆ యాప్ దొరకదు. వేరే దారిలో ఎక్కిస్తే తెరుచుకుంటుంది గానీ, లాగిన్ దగ్గర ఆగిపోతుంది. కంపెనీకి రాసిన మెయిల్స్‌కి జవాబు లేదు. బోర్డుకి ఏ జబ్బూ లేదు. మోటార్లు బాగున్నాయి, అయస్కాంతం బాగుంది, స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది. కానీ ఎత్తు వేయమని దానికి చెప్పేవాడు లేడు. "పాడైంది బోర్డా, ఫోనారా?" అని పెదనాన్న అడిగితే నేను ఏం చెప్పాలి? రెండూ బాగానే ఉన్నాయి పెదనాన్నా, మధ్యలో ఉన్న కంపెనీ తప్పుకుంది అని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరం కూడా లేదు. డబ్బిచ్చి కొన్న వస్తువు, ఇంట్లో ఉన్న వస్తువు, ఎందుకు ఆగిపోవాలి?

ఇది సాంకేతికంగా తప్పని అవస్థ అయితే నోరు మూసుకునేవాడిని. కాదు. ఒక ఎత్తు చెప్పడానికి మామూలుగా కావలసింది నాలుగక్షరాలు: ఏ గడి నుంచి, ఏ గడికి (g1f3 లాగా). ఆ నాలుగక్షరాలు బ్లూటూత్‌లో ఏ రూపంలో పంపితే బోర్డు వింటుందో ఒక కాగితం మీద రాసి బయట పెడితే చాలు, మిగతాది ఊళ్లో ఇంజనీరింగ్ పిల్లలు చేసుకుంటారు. చెస్ ఆడే ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్ ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది. ఆన్‌లైన్‌లో చెస్ ఆడుకునే సైటు లీచెస్ బయటి బోర్డులు కలుపుకోవడానికి దారి ఇచ్చింది, అదీ ఉచితమే. ఆడే బుర్ర ఉచితం, ఆడుకునే చోటు ఉచితం. తాళం వేసుకుని కూర్చున్నది మనం వేలకు వేలు పోసిన చెక్క పెట్టె ఒక్కటే.

చూపులేని ఆటగాళ్ల సంగతి ఇంకా బాధ. ముంబైలో ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టిన స్క్వేర్ ఆఫ్ బోర్డు 2016లో, వస్తువు తయారీకి జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటుకి వెళ్లింది. దాని వెనక మొదటి ఆలోచన అంధ ఆటగాళ్ల కోసమే. నాకు అది గర్వంగా అనిపించింది. కానీ ఇలాంటి బోర్డుల మార్కెట్ మొత్తం చూడండి, వీడియోలన్నీ చూపున్నవాళ్లని అబ్బురపరచడానికే. అంధులు ఆడే బోర్డు ఎలా ఉంటుందో ఫిడే నియమాల్లోనే ఉంది: నల్ల గడులు కొంచెం ఎత్తుగా ఉండాలి, ప్రతి గడిలో పావు గుచ్చడానికి రంధ్రం ఉండాలి, నల్ల పావులకి తడిమితే తెలిసే గుర్తు ఉండాలి. ఎందుకంటే వాళ్లు చేతివేళ్లతో బోర్డు చదువుతారు. పావులు గట్టిగా నిలబడకపోతే చదివే వేలే ఆటను చెరిపేస్తుంది. జారే బోర్డు మీద రంధ్రాలు పెట్టలేరు, అది ఒప్పుకుంటాను. అయితే వేళ్లు తడిమేటప్పుడు పావు జరగకుండా ప్రతి గడి కిందా పట్టు ఉండాలి, వేసిన ఎత్తు ఏదో బోర్డు గట్టిగా పలకాలి, తెలుగులో కూడా పలకాలి. పైగా చాలా బోర్డులకి గడిలో పావు ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, ఏ పావో తెలియదు. మొదటి ఎత్తు నుంచి లెక్క పెట్టుకుంటూ వస్తాయి. ఒక్క పావు పొరపాటున పక్క గడిలోకి జరిగితే, చూసి సరిచేసే మనిషి కావాలి. టోర్నమెంట్లలో ఆటను ప్రసారం చేయడానికి వాడే డీజీటీ బోర్డులు ఏ గడిలో ఏ పావుందో ఎప్పటినుంచో గుర్తుపడుతున్నాయి. అంటే విద్య లేక కాదు.

కోనేరు హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్ ఇరిగేసి పేర్లు చెప్పి పిల్లల్ని అకాడమీల్లో చేర్పిస్తున్న రాష్ట్రాలు మనవి. ఆ పిల్లలకి మామూలు చెక్క బోర్డు చాలు, ఈ బోర్డు కొని వాళ్ల చేతికి ఇవ్వకండి. ఎత్తి పెట్టే అలవాటు, పావు ముట్టుకుంటే ఆడాల్సిందే అన్న భయం చేతికి రావాలి. ఇది కావలసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల కోసం కొనేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు అమ్మేవాణ్ణి మూడు అడగండి. ఫోన్ లేకుండా ఆడుతుందా? ఇంటర్నెట్ లేకుండా ఆడుతుందా? మీ యాప్ ఆగిపోతే వేరే యాప్‌తో నడుస్తుందా? మూడింటికీ నీళ్లు నమిలితే కొనకండి.

పెదనాన్న బోర్డు ఇంకా విజయవాడలోనే ఉంది. మోటార్లకి సొంతంగా కంట్రోలర్ పెట్టి ఇలాంటి బోర్డును నడిపించినవాళ్లు ఎవరైనా ఈ పోస్ట్ చూస్తే నాకు మెసేజ్ చేయండి. విప్పడానికి మాకు అభ్యంతరం లేదు, అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. మీరు ఎక్కడున్నా బోర్డు తెచ్చిస్తాను. చేసింది ఏదైనా అందరికీ తెరిచి పెడదాం, ఇలా ఆగిపోయిన బోర్డులు ఇంకెన్ని ఇళ్లల్లో ఉన్నాయో.