ఏడు డిగ్రీల మర్యాద

విద్యుత్ కేంద్రాల పర్యావరణ నివేదికల్లో, రంగుల పటాల మీద కనిపించే వేడినీటికి ఉన్నంత క్రమశిక్షణ మనలో ఎవరికీ లేదు. కేంద్రం నీళ్ళు వదిలే అవుట్‌ఫాల్ దగ్గర ఎర్రగా బయల్దేరి, పసుపై, ఆకుపచ్చై, 500 మీటర్ల చుక్కల గీత దగ్గర బుద్ధిగా ఆగుతుంది. అక్కడ చెప్పులు విడిచి, గీతకు నమస్కరించి నీలంగా మారిపోతుంది కాబోలు.

వేడినీరు తేలిక. లోతున్నచోట పైపొరగా పరుచుకుని, కింది చల్లనీటిని కలుపుకుంటూ పలచబడుతుంది. రెండు మీటర్ల లోతు అఖాతంలో కలుపుకోవడానికి కింద నీళ్ళేవి? నేరుగా అడుగునే తాకుతుంది. 1000 మెగావాట్ల అణు కేంద్రం 7 డిగ్రీల పెంపుతో నీళ్ళు వదిలితే సెకనుకు దాదాపు 70 ఘనపు మీటర్లు. ఆటుతో బయటికి వెళ్ళిన ఆ నీరే, ఆరు గంటల తర్వాత పోటుతో చుట్టపుచూపుగా తిరిగొస్తుంది. ఆ లోతులో వేడి గాలికి పోవాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా నాలుగైదు రాకపోకలు.

ఇక కొలత మహోత్సవం. అఖాతం అసలు వేడి 30 డిగ్రీలు అనుకోండి. కేంద్రం నీళ్ళు తోడుకునే ఇన్‌టేక్ దగ్గర థర్మామీటర్ ముంచితే 32. ఆ రెండూ ఎక్కడివి? నిన్న ఆ కేంద్రం వదిలినవే! అవుట్‌ఫాల్ దగ్గర 39. తీసివేత చేయండి: 7. తేడా 7 దాటకూడదన్న నిబంధనకు లోబడే ఉంది, సంతకం. వచ్చే వారం ఇన్‌టేక్ 33, అవుట్‌ఫాల్ 40. మళ్ళీ 7, మళ్ళీ సంతకం. అఖాతం కళపెళ ఉడికినా తేడా ఏడు దాటదు. తీసివేత తప్పు పోదు కదా!

సముద్రపు గడ్డికి తీసివేతలు రావు. దానికి 40 అంటే 40. ఆల్చిప్ప లేచి పక్క అఖాతానికి వలస పోలేదు. ఉష్ణమండలంలో ఈ ప్రాణులు మామూలు వేసవిలోనే ఓర్పు అంచున బతుకుతుంటాయి. 1960ల చివర ఫ్లోరిడాలో టర్కీ పాయింట్ విద్యుత్ కేంద్రం వేడినీటికి బిస్కేన్ అఖాతంలో గడ్డి చచ్చింది. ఆ తర్వాత నీటిని చల్లార్చడానికి సుమారు 270 కిలోమీటర్ల కాలువలు తవ్వాల్సి వచ్చింది. అర్ధ శతాబ్దం కింది సంగతి ఇది! ఇంత తెలిసీ, తాను వేడిచేసిన నీటినే 'సహజ ఉష్ణోగ్రత' అని రాసుకోవడం తెలియనితనం కాదు, దొంగలెక్క.

అడిగేది పెద్దదేం కాదు. వేడి చేరని చోట ఒక బోయా (నీటిపై తేలే కొలత తెప్ప), వేడినీరు పారే దారిలో ఇంకొకటి. ఒక్కోదానికి పైన ఒకటి, అడుగున ఒకటి సెన్సర్. పది నిమిషాలకోసారి రికార్డు, నెలంతా, అంటే పెద్ద పోట్లూ చిన్న పోట్లూ రెండూ పడేలా. కానీ అనుమతి ఫారంలో అడుగు ఉష్ణోగ్రతకు గడి లేదట.