క్యాబ్ డ్రైవర్‌కి గంటకి మిగిలేదెంత? తేలాలంటే డేటా బయటికి రావాలి

2016లో ఉబర్ మీద ఒక పరిశోధనా పత్రం వచ్చింది. రాసిన ఐదుగురిలో చికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఉన్నారు, ఉబర్ సొంత ఆర్థికవేత్త జొనాథన్ హాల్ కూడా ఉన్నారు. వాళ్లు పట్టుకున్న పద్ధతి నిజంగా మెచ్చుకోదగ్గది. రద్దీ వేళ ఛార్జీ ఎన్ని రెట్లు పెంచాలో కంపెనీ లోపల చాలా దశాంశాల దాకా లెక్కేసేది, ఫోన్లో మాత్రం రౌండ్ చేసిన అంకె కనిపించేది. లోపలి లెక్క 1.249 అయితే 1.2 రెట్లు, 1.251 అయితే 1.3 రెట్లు. ఈ ఇద్దరు ప్రయాణికుల పరిస్థితి దాదాపు ఒకటే, ధర మాత్రం వేరు, కాబట్టి ఎవరు బుక్ చేశారో, ఎవరు యాప్ మూసేశారో చూస్తే జనం ఇంకా ఎంత దాకా కట్టడానికి సిద్ధంగా ఉన్నారో తెలిసిపోతుంది. దాదాపు 5 కోట్ల రికార్డులతో ఆ లెక్క కట్టి, 2015లో అమెరికా ప్రయాణికులకు తాము కట్టిన దానికి మించి 680 కోట్ల డాలర్ల విలువ దక్కిందని తేల్చారు.

లెక్కలో తప్పుందని నేను అనడం లేదు. అది ప్రయాణికుడి వైపు లెక్క మాత్రమే. ప్లాట్‌ఫామ్ వ్యాపారాల (ఉబర్‌లా కొనేవాళ్లనీ పనిచేసేవాళ్లనీ కలిపేవాటి) మీద సిద్ధాంతం మొదలైందే రెండు వైపుల నుంచి. ఆర్థికవేత్తలు రోషే, టిరోల్ 2003లో రాసిన పత్రం చెప్పిన అసలు సంగతి ఏంటంటే, ఇలాంటి వ్యాపారంలో మొత్తం ధర ఎంత అన్నదే కాదు, అందులో ఏ వైపు మీద ఎంత భారం వేశారన్నది కూడా ముఖ్యం. అలాంటప్పుడు డ్రైవర్ వైపు చూడకుండా ఆ వ్యాపారం ఎవరికి మేలు చేసిందో ఎలా చెప్తాం?

డ్రైవర్ వైపు చూడబోయినవాళ్లకి ఏమైందో 2018లో చూశాం. ఎంఐటీకి చెందిన ఒక పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన పత్రంలో, ఖర్చులు పోగా డ్రైవర్‌కి గంటకి మిగిలేది 3.37 డాలర్లేనని (సగటు కాదు, మధ్యస్థ అంకె, అంటే సగం మందికి అంతకన్నా తక్కువే) రాశారు. వాళ్ల దగ్గర ఉన్నది 1,100 మందికి పైగా డ్రైవర్లతో చేసిన సర్వే. సర్వేలో ఒక ప్రశ్నకి డ్రైవర్లు ఏ అర్థంలో జవాబిచ్చారో సరిగా పట్టుకోలేదని హాల్ విమర్శించారు. పరిశోధకుడు మళ్లీ లెక్కేస్తే ఊహించే పద్ధతిని బట్టి 8.55 డాలర్లు అని ఒకసారి, 10 డాలర్లు అని ఒకసారి వచ్చింది. తప్పు ఒప్పుకుని సరిచేయడం మంచిదే, ఆ విమర్శలో న్యాయం కూడా ఉంది. కానీ నన్ను బాధపెట్టేది వేరే. ప్రతి రైడ్ రికార్డూ తన దగ్గరే ఉన్న కంపెనీ, డ్రైవర్లని ఒక్కొక్కరిగా అడిగి లెక్కలు పోగేసుకున్న మనిషి ఒకే చర్చలో కూర్చుంటే గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది.

న్యూయార్క్ ఈ చిక్కుని చట్టంతో విడదీసింది. అక్కడి టాక్సీ కమిషన్‌కి కంపెనీలు ట్రిప్పుల వివరాలు ఇచ్చి తీరాలి. ఆ రికార్డులతోనే ఆర్థికవేత్తలు జేమ్స్ పారట్, మైఖేల్ రైక్ 2018లో నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా ఖర్చులు పోగా గంటకి 17.22 డాలర్లు మిగిలేలా కనీస చెల్లింపు 2019లో అమల్లోకి వచ్చింది. నాకు అందులో బాగా నచ్చింది సూత్రం. డ్రైవర్ యాప్ ఆన్ చేసి ఉన్న సమయంలో బండిలో ప్రయాణికుడు ఉండేది 58 శాతమే అని తేలింది, కాబట్టి మైలుకి, నిమిషానికి ఇచ్చే రేటుని ఆ శాతంతో భాగించారు. అంటే బుకింగ్ కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే టైమ్‌కి, పికప్ కోసం ఖాళీగా పోయే పెట్రోల్‌కి కూడా లెక్క ఉంది! తర్వాత కంపెనీలు కొత్త డ్రైవర్లని తీసుకోవడం ఆపేశాయి, డిమాండ్ లేని వేళల్లో ఉన్నవాళ్లని కూడా లాగిన్ కానివ్వలేదు. ఆ దెబ్బ చిన్నదేం కాదు.

మన దగ్గర? నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులు (నెల జీతం లేకుండా, చేసిన పనికింత అని సంపాదించేవాళ్లు) ఉన్నారని చెప్పింది. అది కూడా ఇంటింటి సర్వేల నుంచి కట్టిన అంచనాయే. హైదరాబాద్‌లో ఒక క్యాబ్ రోజుకి ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా తిరుగుతోందో ఐఎస్‌బీలోనో హెచ్‌సీయూలోనో ఒక పరిశోధకురాలు తెలుసుకోవాలంటే కంపెనీ దయతలచాలి, లేదా ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో నిలబడి డ్రైవరన్నలని అడగాలి. ప్రైవేటు కంపెనీ మీద సమాచార హక్కు చట్టం నేరుగా పనిచేయదు కదా. ఈలోగా వ్యాపార పద్ధతే మారిపోతోంది. బెంగళూరులో నమ్మ యాత్రి అనే యాప్ కమీషన్ లేకుండా, రోజుకింత అని చందా తీసుకుని ఆటోలు నడిపించాక పెద్ద కంపెనీలూ ఆటోల విషయంలో అదే దారి పట్టాయి. ఛార్జీ నేరుగా డ్రైవర్ చేతికి, లేదా అతని యూపీఐకి వెళ్తుంది. మేం సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాం అంతే అని కంపెనీ అనగలుగుతుంది. ఈ మార్పు డ్రైవర్‌కి లాభమా నష్టమా అన్నది మన బిజినెస్ స్కూళ్లు తేల్చాల్సిన ప్రశ్న.

రాజస్థాన్ 2023లోనే గిగ్ కార్మికుల చట్టం తెచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టింది. అందులో నమోదు, సామాజిక భద్రత, సంక్షేమం ఉన్నాయి, సంతోషం. దాంతోపాటు ట్రిప్పుల రికార్డులు పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి యూనివర్సిటీలకి ఇవ్వాలన్న నిబంధన కూడా కావాలి. ప్రయాణికుడు కట్టింది ఎంత, డ్రైవర్‌కి చేరింది ఎంత, పికప్‌కి ఎంత దూరం వెళ్లాడు, ఎంతసేపు ఖాళీగా ఉన్నాడు... ఈ నాలుగు వివరాలు చాలు. వ్యాపార రహస్యం అంటారు, ప్రైవసీ అంటారు. న్యూయార్క్ కమిషన్ ప్రయాణికుడు కట్టిన ఛార్జీ, డ్రైవర్‌కి దక్కిన డబ్బు పక్కపక్కనే ఉన్న ఫైళ్లని, ఇంటి అడ్రస్ కాకుండా ఏరియా వరకే చూపిస్తూ, ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతోంది. వరంగల్‌లో కూర్చున్న ఎంబీఏ విద్యార్థి కూడా వాటిని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఉబర్ ఆ ఊళ్లో ఇంకా వ్యాపారం చేస్తూనే ఉంది.