సెటిల్‌మెంట్ లెటర్ చేతికి రాకముందే డబ్బు కట్టకండి

క్రెడిట్ కార్డు బాకీ మీద రికవరీ ఏజెంటు (బ్యాంకు తరఫున బాకీ వసూలు చేసే వ్యక్తి) ‘సగం కట్టండి, మూసేస్తాం’ అంటే ఒప్పుకోవచ్చని ఒక వ్యాసంలో రాశారు. కానీ మాఫీ చేసే అధికారం ఏజెంటుకు ఉండదు, బ్యాంకుదే. ముందు బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ (తక్కువ మొత్తానికి బాకీ మూసేస్తామన్న ఒప్పంద పత్రం) తెప్పించుకోండి. అందులో కార్డు లేదా లోన్ నంబరు, మొత్తం బాకీ, కట్టాల్సిన సొమ్ము, గడువు తేదీ, మిగతాది వదులుకుంటున్నామన్న మాట ఉండాలి. చెక్ బౌన్స్ కేసో ఆర్బిట్రేషనో (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నడుస్తుంటే దాన్ని ఉపసంహరించుకుంటామనీ రాయించుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. తర్వాత సమన్లు వచ్చాక పరుగులు పెడతారు.

డబ్బు కార్డు లేదా లోన్ ఖాతాకే వెళ్లాలి. ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు పంపితే అది మీ ఖాతాలో జమవుతుందన్న నమ్మకం లేదు. వాయిదాలు ఒప్పుకుంటే మాత్రం జాగ్రత్త: ఒక్కటి తప్పినా ఒప్పందం రద్దు చేసి, కట్టినదాన్ని పాత వడ్డీ కింద జమ చేసుకునే షరతు తరచూ ఉంటుంది. ఒకేసారి కట్టగలిగిన మొత్తానికే బేరమాడటం మేలు.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదన్న పత్రం) అడిగి తీసుకోండి. మీ అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్‌లో ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీర్చారు) కాదు, ‘సెటిల్డ్’ (తక్కువ కట్టి మూసేశారు) అని పడుతుంది. కొత్త లోన్లకు అది అడ్డంకే.

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ ఫోన్లు ఆర్‌బీఐ నిబంధనలకు విరుద్ధం. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి; 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.