క్లోన్లు ఎందుకు పారిపోరు?

క్లోనింగ్ నవల చదివిన ప్రతివాడికీ ల్యాబంటేనే భయం. 1996లో మరో గొర్రెకు నకలుగా, అంటే క్లోనుగా, డాలీ గొర్రె పుట్టినప్పటి నుంచీ ఇదే టెన్షన్. ల్యాబు సంగతి పక్కన పెట్టండి. ఎవరి ఒళ్లు ఎవరి అవసరానికో ముందే ఎవరు రాసిపెట్టారు? అది అడగాలి.

కజువో ఇషిగురో 2005 నవల 'నెవర్ లెట్ మీ గో'లో అవయవాల కోసమే పెంచిన క్లోన్లుంటారు. పెద్దయ్యాక వాళ్లకు ముళ్లకంచె లేదు, తుపాకీ కాపలా లేదు. కారు నడుపుతారు, ఊళ్లు తిరుగుతారు. అయినా పారిపోరు. నిజంగా ప్రేమించుకున్న జంటకు అవయవదానం మూడు నాలుగేళ్లు వాయిదా వేస్తారన్న పుకారు నమ్మి, ఆ వాయిదా కోసం బతిమాలతారు. వాళ్ల తిరుగుబాటు అంతే. ఇంత చెప్పినట్టు వినే మనుషులుంటారా అని చాలామంది పాఠకుల పేచీ.

ఆ పాఠకులు వలసకూలీల పాలమూరు చూసి ఉండరు. ఇక్కడ కంచె చేసే పని అడ్వాన్సు చేస్తుంది. బిడ్డ పెళ్లికో బోరుకో కూలీల గుంపును తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన డబ్బు తీరేదాకా మొగుడూ పెళ్లాం పుణెలోనో ముంబైలోనో మట్టి మోయాల్సిందే. పీర్ల పండక్కి ఊరొచ్చిన మనిషి మేస్త్రీని ఏమడుగుతాడు? "ఇంకో వారమాగి వస్త." బాకీ కొట్టేయమని మాత్రం అడగడు.

క్లోను పుట్టుకతోనే బందీ, కూలీ ఒప్పుకుని పోయినవాడు, పోలికేమిటని అంటారు. ఒప్పుకోవడమా? అవయవాల అమ్మకం 1994 చట్టం ప్రకారం నేరం. 2016లో నల్లగొండలో బయటపడ్డ కిడ్నీ రాకెట్‌లో మనుషుల్ని కొలంబో తీసుకెళ్లి కిడ్నీలు తీయించారు. వాళ్లూ డబ్బుకు ఒప్పుకుని పోయినవాళ్లే.

ఆధునిక రాజ్యం కత్తి తీయదు, కొందరిని బతికిస్తుంది, కొందరిని చావనిస్తుందని 1976లో ఫ్రెంచి తాత్వికుడు ఫూకో అన్నాడు. జీవరాజకీయమంటే ఇదే. దీనికి ప్యారిస్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం బట్లపల్లి చాలు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు అక్కడ బయటపడింది 1945లో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ పళ్లకు గార పట్టిస్తుందని, ఇంకా ఎక్కువైతే ఎముకల్ని వంచేస్తుందని తెలిసీ దశాబ్దాల తరబడి బోరింగు నీళ్లే దిక్కయ్యాయి. గారపళ్లు, దొడ్డికాళ్లు, నడివయసు రాకముందే చేతికర్ర. అదే జిల్లాలో సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఇంటింటికీ నల్లా అంటూ మిషన్ భగీరథ మొదలైంది 2016లో. నడుమ పుట్టినవాళ్లకు ఆ నీళ్లే తాగించమని ఎవరూ ఆర్డరు వేయలేదు, కాబట్టి ఎవరూ దోషులు కాలేదు.